కర్రముక్కతోని మొగులు కొలిచిన పఠాని సామంత

మన దిక్కు పుట్టిన పిల్లలు పుట్టినట్టే సచ్చిపోతుంటె, ఆ తర్వాత పుట్టినోనికి పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెడ్తరు. సావు కన్ను పడదని నమ్మకం. ఒడిశాల ఖండపడా అనే చిన్న సంస్థానంల 1835 డిసెంబర్ 13న పుట్టిన ఓ పిలగానికి పఠాని అనే పేరు ఇట్లనే వచ్చిందని చెప్పుకుంటరు. ముందు పుట్టినోళ్లు దక్కలేదని, తల్లిదండ్రులు ఈ పిలగాన్ని ఓ ముస్లిం ఫకీరుకు ఇచ్చినట్టు చేసి మళ్ల తీసుకున్నరట. అసలు పేరు చంద్రశేఖర సింగ్ సామంత. జనం నోట్ల నిలిచింది మాత్రం పఠాని సామంతనే. భువనేశ్వర్‌ల ప్లానెటేరియం కూడా ఆ పేరు మీదనే ఉన్నది.

ఈయన ముచ్చట ఇప్పుడెందుకంటె, ఓ ప్రైమరీ బడి సారు ఐదో తరగతికి సౌరకుటుంబం పాఠం ప్లాన్ చేసుకుందాం రమ్మంటె పోయిన. సారు దగ్గర ఒక చార్టు, థర్మోకోల్ గోళాలు, రంగులు ఉన్నయి. పిల్లలు ఎనిమిది గ్రహాల పేర్లు గడగడ చెప్పిన్రు. గురుగ్రహాన్ని ఎవరన్న చూసిన్రా అని అడిగితె అందరూ చార్టు దిక్కే చెయ్యి చూపెట్టిన్రు. ల్యాబ్ లేదు, టెలిస్కోపు లేదు, ఇంతకంటె ఏం చేస్తమని సారు బాధ. నాకు అక్కడ్నే పఠాని యాదికొచ్చిండు. ఆయన బతుకునే పాఠంగ చెప్తె ఎట్లుంటదని అడిగిన.

పఠాని రాజవంశపోడే. కానీ గద్దె మీద కూసున్నోడు కాదు, పైసలకు తిప్పలు పడ్డోడు. కాలేజి మొఖం చూడలె, ఇంగ్లిషు రాదు. సంస్కృతం నేర్సుకోని ఇంట్ల ఉన్న తాటాకుల గ్రంథాలు తనంతట తానే చదివిండు. చిన్నప్పుడు ఇంటి పెద్దమనిషి ఒకాయన సుక్కలు చూపెట్టి, జ్యోతిషం లెక్కలు కొన్ని నేర్పిండు. పదిహేనేండ్లు వచ్చేసరికి ఓ చిక్కొచ్చి పడ్డది. గ్రంథం లెక్క ప్రకారం గ్రహం ఉండాల్సిన జాగ ఒకటి, మొగుల మీద అది కనపడ్తున్న జాగ ఇంకోటి.

మామూలుగ అయితె శాస్త్రం తప్పైతదా, నా కండ్లే తప్పు అనుకుంటం. ఈ పిలగాడు కండ్లను నమ్మిండు. అట్లని గ్రంథాన్ని అవతల పారేయలె. తేడా ఎంతున్నదో కొలుద్దామని కూసున్నడు. ఆ కొలుసుడు ఏండ్లకేండ్లు నడిచింది.

కొలవాలంటె పనిముట్టు కావాలె. తనే చేసుకున్నడు. మానయంత్రం అని పేరు పెద్దగున్నది గానీ, ఉన్నయి రెండు కర్రలే. 24 వేళ్ల వెడల్పంత పొడుగున్న సన్నటి కర్ర, దాని కొసకు అడ్డంగ ఇంకోటి, ఇంగ్లిషు టీ అక్షరం లెక్క. అడ్డకర్రకు గాట్లు, బొక్కలు. పొడుగు కర్ర రెండో కొసను కంటి కాడ పెట్టుకోని, సుక్క ఏ బొక్కల నుంచి కనపడ్తదో చూస్తె ఎంత కోణంల ఉన్నదో తెలుస్తది. ఆ బొక్కలు ఇష్టమొచ్చినట్టు పొడిచినయి కావు. ఏ కోణానికి ఎంత దూరమని త్రికోణమితి లెక్క కట్టి పెట్టినయి. నీడను కొలిచే కర్ర, నీళ్ల గడియారం అసొంటియి కూడా వాడిండు. టెలిస్కోపు మాత్రం లేదు.

1869 నాటికి సిద్ధాంత దర్పణం అనే గ్రంథం పూర్తి చేసిండు. దాదాపు 2,500 శ్లోకాలు. శుక్రుడు ఒక సుట్టు తిరగనీకి ఆయన కట్టిన లెక్క 224.70 రోజులు. ఇప్పటి లెక్క కూడా రెండు దశాంశాల దాక అదే. చంద్రుని దారి 5 డిగ్రీల 9 నిమిషాలు వంగి ఉన్నదని తేల్చిండు, ఇయ్యాల్టి లెక్క కూడా దాదాపు గంతే. చంద్రుడు ఒక్క తీరు వేగంతోని నడవడు. ఆ నడకల ఉన్న మూడు తేడాలు యూరప్ వాళ్లకు ముందే తెలుసు. వాళ్ల సంగతి ఏం తెల్వకుంటనే పఠాని ఆ మూడింటిని తన కొలతల నుంచి పట్టుకున్నడు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యుని ముందట నుంచి దాటిపోయిండు. ఆ నల్లచుక్క సూర్యుని వెడల్పుల 32వ వంతు అని గ్రంథంల ఎక్కించిండు. కొలత సరిగ్గనే ఉన్నది.

ఇగ అసలు ముచ్చట. పఠాని బొమ్మల గ్రహాలన్నీ సూర్యుని సుట్టు తిరుగుతయి. కానీ ఆ సూర్యుడు వాటిని ఎంటేసుకోని భూమి సుట్టు తిరుగుతడు. భూమి కదలదు. దాదాపు 300 ఏండ్ల ముందు డెన్మార్క్‌ల టైకో బ్రాహి గీసిన బొమ్మ కూడా ఇసొంటిదే. ఇది తప్పు. ఈ తప్పును దాసిపెట్టి ఆయన ఫోటోకు దండలేసుడు నాకు పడదు. పూర్వీకులకు అన్నీ తెలుసని వాట్సాప్‌ల తిప్పేటోళ్లు ఈ ముక్క చెప్పరు.

అట్లని నవ్వేటోళ్లు కూడా ఒకటి తెలుసుకోవాలె. కర్రతోని గ్రహాల జాగలు కొలిచినన్ని రోజులు ఆ బొమ్మల తప్పు దొరకదు. సూర్యుడు తిరిగినా భూమి తిరిగినా, మనకు గ్రహం కనపడే జాగ ఒక్కటే. తేల్చాలంటె వేరే సాక్ష్యం కావాలె. అది అప్పటికే ఉండె. భూమి నడుస్తుంటె ఒక నక్షత్రం ఎంత జరిగినట్టు కనపడ్తదో జర్మనీ శాస్త్రవేత్త బెసెల్ 1838ల కొలిచిండు. 1851ల పారిస్‌ల ఫూకో పెద్ద లోలకం ఏలాడదీసి, భూమి తన సుట్టు తాను తిరుగుడును జనం ముందట పెట్టిండు. సరిగ్గ ఆ ఏడే పదిహేనేండ్ల పఠాని ఖండపడాల తాటాకుల లెక్కలతోని కొట్లాడుతున్నడు. పారిస్ కబురు ఆయన దాక రాలె. వచ్చినా, ఆయన చదవలేని భాషల వచ్చేది.

ఆయన కబురు కూడా అట్లనే ఆగిపోయింది. ఒడియా లిపిల, సంస్కృతంల తాటాకుల మీద రాసిన పుస్తకం 30 ఏండ్లు అచ్చు కాలె. కటక్ రేవెన్షా కాలేజీల సైన్సు చెప్పే జోగేశ్ చంద్ర రాయ్ ఆ పని విలువ గుర్తుపట్టి, ఇంగ్లిషుల పెద్ద పీఠిక రాసి, 1899ల కలకత్తాల అచ్చేపించిండు. అప్పుడు గానీ లండన్ నేచర్ పత్రికల సమీక్ష రాలె. అంతకుముందు 1893ల సర్కారు మహామహోపాధ్యాయ బిరుదు ఇచ్చింది. పూరీ జగన్నాథుని గుడిల పండుగల తిథులకు ఆయన లెక్కలు వాడుకున్నరు. కడుపునొప్పి, నిద్ర పట్టకపోవుడు ఆయన్ని మస్తు సతాయించినయి. 1904 జూన్ 11న పూరీల కన్నుమూసిండు. తన సావు గడియ తనే లెక్క కట్టిండని ఓ కథ తిరుగుతది. అది నాకు అక్కర లేదు.

ఇంకో మాట కూడా పిల్లలకు చెప్పాలె. ఆయన ఇంట్ల తాటాకులు ఉండె, సంస్కృతం చదువుకునే హక్కు పుట్టుకతోనే ఉండె. అదే ఊర్ల, రాత్రంత మంద కాడ పండుకోని సుక్కలు చూసిన గొర్లకాపరి పిలగాడు ఎవడన్న ఉంటె, వాని పేరు మనకు ఎట్ల తెలుస్తది?

సారూ నేనూ కూసోని పాఠాన్ని తిరగేసినం. మొదటి వారం చార్టు బయటికి తీసుడు లేదు. బడి ముందట కర్ర పాతి, గంట గంటకు నీడ కొసకు గురుతు పెట్టుడు. సూర్యుని దిక్కు నేరుగ చూసుడు మాత్రం వద్దు, నీడనే చూడాలె. అమాస పోయిన రెండో మూడో రోజు నుంచి చంద్రుడు. రోజూ ఒకటే యాళ్లకు చూస్తె దాదాపు 12 డిగ్రీలు తూర్పుకు జరుగుతడు. చెయ్యి ముందటికి సాపితె పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, అంటె పిడికిలి కంటె జర ఎక్కువ. తర్వాత మానయంత్రం. పొడుగు కర్ర 57 సెంటీమీటర్లు ఉంటె, అడ్డకర్ర నడుమ నుంచి సెంటీమీటరుకు ఒక గీత గీస్తె చాలు, నడుమకు దగ్గరున్న గీతలు ఒక్కోటి సుమారు ఒక డిగ్రీ. ఐదో తరగతోళ్లకు త్రికోణమితి అక్కర లేదు. వేగుసుక్క అంటె శుక్రుడే అని ఇంట్ల అవ్వను అడిగితె అయినా తెలుస్తది.

ఆఖరి వారం గ్రౌండ్‌ల ఆట. ఒకలు భూమి, ఒకలు సూర్యుడు, ఒకలు అంగారకుడు. ముందు పఠాని చెప్పినట్టు నడవాలె, తర్వాత ఇప్పటి పుస్తకంల ఉన్నట్టు నడవాలె. రెండు సార్లూ అంగారకుడు ఏ దిక్కు కనపడ్డడో భూమైన పిల్ల చెప్పాలె. ఏది నిజమో అట్ల తేలదని వాళ్లకు తెలిసినంక, సారు తన ఫోన్‌ల ఫూకో లోలకం వీడియో చూపెడ్తడు.