పట్టాలెక్కని రైలు - ద్వారకానాథ్ ఠాగూర్

మన దేశానికి రైళ్లు తెచ్చిందెవరని తరగతిలో అడిగితే, డల్హౌసీ అని ఠక్కున చెప్పేస్తారు. నేనూ చాలాకాలం అదే చెప్పాను, పిల్లలచేత అదే చెప్పించాను. ఆ పాఠంలో చోటు దొరకని పేరు మరొకటి ఉంది - ద్వారకానాథ్ ఠాగూర్. రవీంద్రుని తాతగారంటే తప్ప ఈయన్ని ఎవరూ గుర్తుపట్టరు.

1794లో కలకత్తాలో పుట్టాడు. ప్రభుత్వ ఉప్పు, నల్లమందు శాఖలో దివానుగా పనిచేసి, 1834లో ఆ కొలువు వదిలేసి, విలియం కార్ అనే దొరతో కలిసి కార్, ఠాగూర్ అండ్ కంపెనీ పెట్టాడు. దొరల దగ్గర నౌకరీ దొరికితే చాలనుకునే రోజుల్లో దొరతో సమానంగా వాటాదారు కావడం సామాన్యమా! నీలిమందు, పట్టు, ఓడలు, ఒకటేమిటి, చాలా వ్యాపారాలు చేశాడు. చైనాకు పోయే నల్లమందులోనూ ఆయన చెయ్యి ఉంది. అభిమానం కొద్దీ ఆ సంగతి దాచడం నాకిష్టం లేదు.

రైలు ఆలోచన బొగ్గులోంచి పుట్టింది. 1836లో రాణీగంజ్ గని కొన్నాడు. బొగ్గుకేం కొదవలేదు, చిక్కల్లా దాన్ని కలకత్తా చేర్చడంలోనే. దామోదర్ నదిలో పడవలు నడిచేది వానాకాలంలోనే. తక్కిన నెలల్లో తవ్విన బొగ్గు గుట్టలుగా పడి ఉండాల్సిందే. 1842లో ఇంగ్లండు వెళ్లినప్పుడు రైళ్లు చూశాడు. తిరిగొచ్చాక, కలకత్తా నుంచి గనుల దాకా రైలు వేస్తే మూలధనంలో మూడోవంతు తానే సమకూరుస్తానన్నాడు. అందులో స్వలాభం లేకపోలేదు. కాని ఆ లాభం ఈ దేశంలోనే ఉండేది. 1845లో గ్రేట్ వెస్టర్న్ ఆఫ్ బెంగాల్ రైల్వే కంపెనీ ఏర్పడింది. అదే ఏడు లండన్‌లో ఈస్టిండియన్ రైల్వే కంపెనీ కూడా పుట్టింది. స్వదేశీయుల అజమాయిషీలో రైలు నడవడం కంపెనీ దొరలకు మింగుడుపడలేదు.

ద్వారకానాథ్ ఆ ఏడే మళ్లీ ఇంగ్లండు ప్రయాణమయ్యాడు. కలకత్తా వైద్య కళాశాల విద్యార్థుల్ని ఇద్దర్ని తన ఖర్చుతో చదువుకి వెంటబెట్టుకుపోయాడు. (మన విద్యార్థి మిత్రులు ఈ మాట గమనించాలి.) తాను మాత్రం తిరిగి రాలేదు. 1846 ఆగస్టు 1న లండన్‌లో కన్నుమూశాడు. సమాధి అక్కడే, కెన్సల్ గ్రీన్‌లో ఉంది.

దిక్కులేని ఆ రైలు కంపెనీ 1847లో ఈస్టిండియన్‌లో కలిసిపోయింది. ఒక్క మైలు పట్టా కూడా వేయలేదు. 1849లో ఈస్టిండియన్ కంపెనీ పెట్టుబడికి నూటికి 5 చొప్పున వడ్డీ పూచీపడుతూ ఒడంబడిక రాసుకున్నారు. రాబడి చాలకపోతే ఆ వడ్డీ కట్టాల్సింది ఎవరనుకున్నారు? ఇక్కడి రైతులే, తమ పన్నులతో!

1848లో యూనియన్ బ్యాంకు కూలింది, దాంతోపాటు కార్, ఠాగూర్ కంపెనీ మూతపడింది. తండ్రి అప్పుల్ని కొడుకు దేవేంద్రనాథ్ ఏళ్ల తరబడి తీర్చాడు. 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి తొలి రైలు నడిచింది. ఆరు నెలలు తిరక్కుండానే, 1855 ఫిబ్రవరిలో, పట్టాలు రాణీగంజ్ చేరాయి. ఇక బొగ్గు వానల కోసం ఎదురుచూడనక్కర్లేకపోయింది.