ఎర్రగుంట్ల పేరయ్యగారి జీవితము

మన కులమున జన్మించి, అధికారము గాని అండ గాని లేకయే తెలుగుదేశ చరిత్రమున నిలిచిన పెద్దలలో ఎర్రగుంట్ల పేరయ్యగారు ఒకరు. ఆయన ఒంగోలు సీమవారు. మద్దికెర, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలోని మన సోదరులలో అనేకు లాయన చరిత్రమును వినియుండరు. కావున దాని నిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము. మన సంఘమున హిందువులును గలరు, క్రైస్తవులును గలరు. ఒక మతమును పొగడుటకు గాని మరియొక మతమును నిందించుటకు గాని యీ వ్యాసము ఉద్దేశింపబడలేదు. తాను నమ్మినదానిని తనవారికి చెప్పుటకు జంకని యొక మాదిగ పెద్ద యొక్క ధైర్యమును స్మరించుటయే దీని యుద్దేశము.

పేరయ్యగారి ధైర్యము ఎంతటిదో తెలియవలెనన్న ఆనాటి గ్రామస్థితి తెలియవలెను. పశ్చిమమున మన పెద్దలు కపిల బావులకు తోలుబానలు కుట్టి, రైతులకు చెప్పులును ఎద్దులకు వారులును సిద్ధపరచి, కళ్ళములో మేర గింజలు పుచ్చుకొని బ్రదికినట్లే ఒంగోలు సీమలోని మాదిగలును బ్రదుకుచుండిరి. చచ్చిన గొడ్డును లాగుట, డప్పు కొట్టుట, వెట్టి చేయుట వారికి విధింపబడిన పనులు. ఈ పనులలో నేది మానినను గ్రామముతో తగవు తప్పదు. తగవు వచ్చినచో గింజలు లేవు, పని లేదు. ఊరి వెలుపలనున్నను వారి ముద్ద ఊరిచేతిలోనే యుండెను.

పేరయ్యగారి స్వగ్రామము తాళ్ళకొండపాడు. అది ఒంగోలునకు సుమారు 40 మైళ్ళ దూరమున నున్నది. ఆయన వృత్తి తోళ్ళ వర్తకము. వర్తక నిమిత్తము దూరదేశములు తిరుగుటచే లోకజ్ఞానము కలిగెను. ఆయన కేవలము వర్తకుడు కాడు. దైవమును వెదకుచు, రాజయోగ మార్గమున ఉపదేశము పొంది సాధన చేసినవాడు. వేదము వినుటకును గుడి మెట్లెక్కుటకును అర్హత లేదని త్రోసివేయబడిన మనవారిలో ఇట్టి జిజ్ఞాసువులు అన్ని కాలములయందును ఉండిరనుట మరువరాదు. మిషనరీలు వచ్చిన పిమ్మటనే మనవారు దేవుని గూర్చి తలంచిరనుట సత్యము కాదు.

తోళ్ళ వ్యాపారముపై ఉత్తరమునకు పోయినప్పుడు ఏలూరు ప్రాంతమున పేరయ్యగారు క్రైస్తవ బోధను వినిరి. అది ఆయన హృదయమునకు హత్తుకొనెను. ఆ కాలమున నెల్లూరులో అమెరికను బాప్టిస్టు మిషను ఉండెను. 1836లో శామ్యూల్ డే దొరగారు ప్రారంభించిన ఆ మిషను చిరకాలము ఫలములేక, మూసివేయవలెనను ఆలోచనలకు పలుమారు గురియయ్యెను. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీని లైమన్ జ్యువెట్ దొరగారును, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలులోని కొండపై ప్రార్థించిరి. నేటికిని దానిని ప్రార్థనకొండ యనుచున్నారు. పండ్రెండేండ్లు గడచిన పిదప, 1866లో, పేరయ్యగారు తన భార్య నాగమ్మగారితో గూడ ఒంగోలునకు వచ్చి జ్యువెట్ దొరగారిచే బాప్తిస్మము పొందిరి. వారిని ఎవరును పోయి పిలిచినది లేదు. వెదకుచు తామే వచ్చిరి.

బాప్తిస్మము పొందిన పిదప మిషను ఆవరణములో నుండిపోవుట సులభము. అక్కడ దొరల అండ యుండెను. పేరయ్య దంపతులట్లు చేయలేదు. తాళ్ళకొండపాడునకే తిరిగిపోయిరి. తన గూడెములో, తన బంధువుల యిండ్లలో, చుట్టుపట్ల పల్లెలలో తాను నమ్మినదానిని చెప్పసాగిరి. అపరిచితులకు బోధించుట కంటె తన్ను బాల్యమునుండి ఎరిగినవారికి బోధించుట కష్టము. గూడెములో ఎల్లమ్మ కొలుపులు మానుమనుట, తాతముత్తాతల నాటి ఆచారమును విడువుమనుట సామాన్యమైన మాట కాదు. అట్టి పనిని ఆ దంపతులు నెలల తరబడి, దగ్గర దొర గాని ఉపదేశి గాని లేకుండ, స్వయముగా చేసిరి.

1866 సెప్టెంబరులో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలున కాపురమునకు వచ్చిరి. 1867 జనవరి 1వ తేదీని అచట ఎనిమిదిమంది సభ్యులతో సంఘము స్థాపింపబడెను. ఆ నెలలోనే పేరయ్యగారి ఆహ్వానముపై క్లౌ దొరగారు తాళ్ళకొండపాడునకు పోయిరి. చుట్టుపట్ల పల్లెల మాదిగలు తిండిసామాను మూటగట్టుకొని, బాప్తిస్మమునకు కట్టుకొనుటకు శుభ్రమైన బట్టలు కూడ తెచ్చుకొని సిద్ధముగా వచ్చిరి. కొలది దినములు వారిని పరీక్షించి, బోధించి, 28 మందికి బాప్తిస్మ మిచ్చిరి. దొరగారు పోయి కోసినది పేరయ్యగారు విత్తిన పైరు.

అంతట పరీక్ష ఆరంభమయ్యెను. క్రొత్తగా విశ్వసించినవారు మూడు నియమములు పట్టిరి: చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు, ఆదివారమున పని చేయరాదు. దానితోపాటు జాతరలలో డప్పు కొట్టుట మానిరి. ఊరి పెద్దలకు క్రీస్తు పేరు ఎట్లున్నను, డప్పు మ్రోగకపోవుటయు ఆదివారము పనికి రాకపోవుటయు సహింపరానిదయ్యెను. నాడు మాదిగ యొక పనిని కాదనుటయే గొప్ప ధిక్కారము. పనులు నిలిపిరి. నీరు దొరకకుండ చేసిరి. ఊరివారితో ఇచ్చిపుచ్చుకొనుట ఆగిపోయెను. అయినను పేరయ్యగారు వెనుకంజ వేయలేదు. దెబ్బకు దెబ్బ తీయుమనియు చెప్పలేదు. ఓర్చుకొనుటయు, మాట మార్చకుండుటయు ఆయన ఆయుధములు.

ఒంగోలులో సయితము ఇట్టి పరీక్షయే మరియొక రూపమున వచ్చెను. అగ్రవర్ణములవారు కొందరు మిషను బడికి వచ్చుచు క్రైస్తవ మతమునకు సుముఖులైయుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని వారు తెలిపిరి. క్లౌ దొరగారును ఆయన భార్యయు వేరువేరు గదులలో బైబిలు తెరచినప్పుడు, ఇరువురికిని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, దేవుడు నీచులను తృణీకరింపబడినవారిని ఏర్పరచుకొనెనను భాగమే కనబడెనని క్లౌ దొరగారు చెప్పియున్నారు. మాదిగలు చేర్చుకొనబడిరి. పెద్దకులములవారు మరలిపోయిరి.

మనవారు గంజినీళ్ళ కొరకు మతము మార్చిరని అనువారు నాడును గలరు, నేడును గలరు. దీనికి చరిత్రమే ప్రత్యుత్తరము. 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలకొలది కూలీలకు పని చూపిరి. మిషను బోధకులే అచట మేస్త్రీలై పని చేయించుచు, విశ్రాంతివేళల బోధించుచుండిరి. అయితే కూటి కొరకు ఎవరును చేరరాదని సుమారు 15 నెలలు ఒక్కరికైనను బాప్తిస్మ మీయలేదు. సహాయకార్యము ముగిసిన పిదపనే జనులను చేర్చుకొనిరి. 1878 జూలై 2వ తేదీని 614 మంది, 3వ తేదీని 2,222 మంది, 4వ తేదీని 700 మంది, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన ఆ కార్యమును నిర్వహించినవారు దొరలు కారు, ఇరువురిరువురుగా వంతులు మార్చుకొనిన ఆరుగురు తెలుగు బోధకులు.

పేరయ్యగారు విశ్వసించినది ఆ కరవునకు పదియేండ్ల ముందు. ఆయనకు మిషనువలన దొరకినది గింజలు కాదు, ఊరి వెలి. కలిగియున్నది పోగొట్టుకొనుటకు సిద్ధపడినవానిని ఆశకు లొంగినవాడని ఎట్లనగలము? ఆ వేలమందికి త్రోవ తీసినది బంధుత్వము వెంట, గూడెము వెంట నడచిన పేరయ్యగారి వంటివారి మాటయే.

నేటికిని ఇది పాతకథ కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి క్రైస్తవుడైన మాదిగ షెడ్యూల్డు కులములలో లెక్కింపబడడు. ఆంధ్రప్రదేశమున వెనుకబడిన తరగతుల సి వర్గమున చేర్చబడుచున్నాడు. కావున నమ్మినదానిని బహిరంగముగా ఒప్పుకొనుట నేడును కొందరికి నష్టముతో కూడిన పనియే. ఆ నష్టము న్యాయమా కాదా యనుట వేరు చర్చ. నష్టమెరిగియు సత్యమని తోచినదానిని దాచక చెప్పుట ఎట్లో పేరయ్యగారు చూపిరి.

సోదరులారా, మన యిండ్లలో ఒకరు గుడికి పోవుదురు, ఒకరు చర్చికి పోవుదురు. ఎవరు ఎక్కడికి పోయినను, డప్పు కొట్టుమన్నప్పుడు కొట్టనని శాంతముగా చెప్పి నిలిచిన ఆ పెద్దమనిషి మనయందరి పెద్ద. ఆయన చరిత్రమును మన బిడ్డలకు చెప్పుట మన విధి.