దాసుగారి గజ్జెల చప్పుడు

సంగీత చరిత్రలు వ్రాయువారు పాడినవారిని గూర్చియే వ్రాయుదురు. విన్నవారిని గూర్చి వ్రాయుట మిక్కిలి అరుదు. కాని ఆదిభట్ల నారాయణదాసుగారి జీవితమును శ్రోతలను విడిచి చెప్పుటకు వీలులేదు. ఆయన విద్య గదిలో కూర్చుండి సాధించుకొన్న విద్య కాదు. వేలకొలది జనుల నడుమ, కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, ఒక్కడే నిలువబడి, తెల్లవారుదాక సభను కదలనీయక నిలుపుకొన్న విద్య. ఆ సభలో వినవచ్చినది సంగీతమా, సాహిత్యమా, నాట్యమా, లేక వట్టి చప్పుడా అని తేల్చుకొనుట శ్రోతలకు నాడును సులభము కాలేదు, నేటికిని పండితులకు సులభముగా లేదు.

దాసుగారు 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన బొబ్బిలికి చేరువనున్న అజ్జాడ గ్రామమున జన్మించిరి. తల్లి లక్ష్మీనరసమ్మ, తండ్రి వేంకటచయనులు. పెట్టిన పేరు సూర్యనారాయణ. నారాయణదాసు అనునది పిదప వచ్చిన పేరు. పసితనముననే పోతన పద్యములు ఆయనకు కంఠస్థములు. ఒక తీర్థమున పుస్తకముల అంగడి ముందు నిలిచి భాగవతము కావలెనని మారాము చేయగా, అంగడివాడు నవ్వి పద్యములు చదువుమనెననియు, ఆ బాలుడు ఆగక చదువుచుండ ఆశ్చర్యపడి పుస్తకమును ఊరకయే ఇచ్చి పంపెననియు ఒక కథ కలదు. మహనీయుల బాల్యమును గూర్చి ఇట్టి కథలు పుట్టుట సహజమే. అయినను ఈ కథలో ఒక విశేషమును గమనింపవలెను: దాసుగారి మొదటి సభ అంగడివీథి, మొదటి శ్రోత పుస్తకముల వర్తకుడు. రాజసభలు ఆ తరువాతి మాట.

చదువు కొరకు ఆయన విజయనగరము చేరిరి. అక్కడ ఇంగ్లీషు బడిలో చదివిరి. 1883వ సంవత్సరమున మద్రాసు నుండి కుప్పుస్వామి నాయుడు అను భాగవతుడు వచ్చి విజయనగరమున హరికథ చెప్పెను. అప్పటికి దాసుగారి వయస్సు పందొమ్మిదేండ్లు. మహారాష్ట్రుల కీర్తన పద్ధతి తంజావూరు మరాఠా రాజుల వెంట దక్షిణమునకు వచ్చి, తంజావూరు కృష్ణభాగవతార్ వంటివారి చేతిలో క్రొత్త రూపు దిద్దుకొనుచుండిన కాలమది. తెలుగునాట అది ఇంకను వేరూనలేదు. నాయుడుగారి కథను విన్న యువకుడు ఇది నేనును చేయగలననుకొనెను. అనుకొని ఊరకుండలేదు, ధ్రువ చరిత్రమును తానే వ్రాసి, తానే రాగములు కూర్చి, తానే పాడి ఆడెను. అంతకు ముందటి భాగవతులు పెద్దల కీర్తనలను, పద్యములను ఏరి కథలో గ్రుచ్చుచుండగా, ఈయన కథయంతయు తన రచనగనే నడపెను. అంబరీష చరిత్రము, గజేంద్రమోక్షణము, రుక్మిణీ కల్యాణము, సావిత్రీ చరిత్రము, భీష్మ చరిత్రము, జానకీ శపథము, యథార్థ రామాయణము ఇట్లు పుట్టినవే. కర్త, గాయకుడు, నటుడు, నర్తకుడు ఒక్కడే యగుటచేత శ్రోతకు తప్పించుకొను దారి లేకపోయెను.

ఇక చప్పుడు సంగతి. ఆ దినములలో మైకు లేదు. మన విద్యార్థులకు ఇది ఊహింపరాని విషయము కావచ్చును. దేవాలయ ప్రాంగణమున గాని, పందిరి క్రింద గాని వేలమంది కూర్చుండగా చివరి వరుసలోని ముసలమ్మకు కూడ మాట వినబడవలెను. వినబడినగదా రసము! దాసుగారిది భారీ విగ్రహము, భారీ కంఠము. ఆ కంఠమునకు తోడు కాలిగజ్జెలు, చేతిలోని చిరుతలు, ప్రక్కన మృదంగము, ఫిడేలు. గజ్జె, చిరుత, మృదంగము మూడును కొట్టి పలికించునవే. అందుచేత కచేరీ సంగీతమునకు అలవాటుపడిన చెవికి హరికథ మొదట పెద్ద సందడిగా తోచుట వింత కాదు. రాగమును తీరికగా విస్తరింపజేసి నెరవు చేయుటను మెచ్చువారు, గాయకుడు ఎగురుచు పాడుటను మెచ్చుట కష్టము. కథలో లీనమైనవారికి అదే గజ్జె రుక్మిణి నడకగా, చిరుత భీష్ముని వింటినారిగా వినబడును. ఒకే ధ్వని, రెండు చెవులు.

దాసుగారు ఇంతటితో ఆగినను బాగుండునని ఆ కాలపు శాంతచిత్తులు అనుకొని యుందురు. ఆయన ఆగలేదు. రెండు చేతులతో రెండు తాళములు, రెండు పాదములతో మరి రెండు తాళములు వేయుచు, నోటితో పల్లవిని ఐదవ తాళమున పాడు విద్యను సాధించిరి. పంచముఖీ పరమేశ్వరుడను బిరుదు దీనివలననే వచ్చినది. లయబ్రహ్మ యనియు పిలిచిరి. బందరులో ఇదే విద్యను అవధానముతో జోడించిరి. తాళములు వేయుచు, పల్లవి పాడుచు, అడిగిన సమస్యకు పద్యము చెప్పుచు, నడుమనడుమ మ్రోగించిన గంటలను లెక్కపెట్టుచు సభను నడిపిరి. ఇది అసాధ్యాష్టావధానమని పేరుపొందెను.

ఇందలి కష్టమెట్టిదో లెక్కల ఉపాధ్యాయులు నల్లబల్ల మీద చూపవచ్చును. ఉదాహరణకు ఒక చేత ఎనిమిది అక్షరముల ఆదితాళము, రెండవ చేత ఆరక్షరముల రూపకము, ఒక పాదమున ఏడక్షరముల మిశ్రచాపు, రెండవ పాదమున ఐదక్షరముల ఖండచాపు ఒక్కసారి మొదలిడినవనుకొందము. ఈ నాలుగును మరల ఒకేచోట కలియుటకు ఎన్ని అక్షరములు గడువవలెను? 8, 6, 7, 5ల కనిష్ఠ సామాన్య గుణిజము 840. అనగా ఆదితాళము 105 ఆవృత్తములు, రూపకము 140, మిశ్రము 120, ఖండము 168 ఆవృత్తములు తిరిగినగాని సమము రాదు. అక్షరమునకు ఒక సెకను చొప్పున వేసికొన్నను పదునాలుగు నిమిషములు! అంతసేపును నాలుగు అవయవములు నాలుగు దారుల పోవుచుండ, శ్రోతకు వినబడునది చెదురుమదురు దెబ్బల వాన మాత్రమే. లెక్క తెలిసినవాడు ఊపిరి బిగబట్టి ఆ సమము కొరకు ఎదురుచూచును. తెలియనివాడు ఆ మనిషిని చూచి విస్తుపోవును. ఈ లెక్క నేను వేసిన ఉదాహరణమే గాని దాసుగారు ఏ సభలో ఏ తాళములు వేసిరో చెప్పునది కాదని మనవి.

అలవాటులేని ధ్వనికి సభలు కలతపడుట మనయొద్దనే కాదు, అంతటను కలదు. 1913వ సంవత్సరము మే 29వ తేదీన పారిస్ నగరమున స్ట్రావిన్‌స్కీ కూర్చిన వసంతోత్సవ నృత్యరూపకము మొదటిసారి ప్రదర్శింపబడినప్పుడు, ఆ విరుపుల లయకు, ఆ గట్టి దెబ్బలకు ప్రేక్షకులు కేకలువేసి సభను సంత చేసిరి. వాద్యములు వినబడక నర్తకులు తడబడుచుండ, నృత్యకర్త నిజిన్‌స్కీ తెరప్రక్కన కుర్చీ యెక్కి అంకెలు అరచి చెప్పవలసి వచ్చెనట. మరుసటి యేడు అదే నగరమున అదే సంగీతమును కచేరీగా వినిపించినప్పుడు శ్రోతలు కర్తను భుజముల కెత్తుకొని ఊరేగించిరి. 1975లో అమెరికాలో లూ రీడ్ అను రాక్ గాయకుడు పాట లేక, తాళము లేక, కరెంటు గిటారుల రొదను మాత్రమే రెండు రికార్డుల నిండ నింపి విడుదల చేయగా, కొన్నవారిలో పలువురు అంగళ్ళకు తిరిగి ఇచ్చివేసిరి. పిదప దానినే మెచ్చి పొగడువారును బయలుదేరిరి. దాసుగారి విషయమున రభస జరుగలేదు. ఆయన చప్పుడును కథతో ముడివేసియుండుటయే దానికి కారణమని నా అభిప్రాయము. తాళము తెలియనివానికి సావిత్రి కథ తెలియును. పారిస్ శ్రోతకు పట్టుకొనుటకు అట్టి ఊత లేకపోయెను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పాఠకులకు ఈ మాట మరింత సులభముగా తెలియగలదు. పాలమూరు పల్లెలలో చిరుతల రామాయణము ఆడునప్పుడు పదులకొలది చిరుతలు ఒక్కమారు మ్రోగును. పట్నవాసికి అది చెవులు మూసికొనవలసిన రొద. ఊరివారికి అది రాముడు అడవికి పోవు ఘట్టము. మరియొక ప్రక్క ఇదే సీమలో గద్వాల, వనపర్తి, కొల్లాపురము రాజధానిగా గల జటప్రోలు సంస్థానములు పండితులను పోషించినవి. విద్వద్గద్వాల యను పేరు వినని తెలుగు పండితుడు లేడు. ఒకవైపు వీథి చిరుత, వేరొకవైపు ఆస్థాన అవధానము. ఈ రెండును ఇక్కడ పక్కపక్కనే బ్రతికినవి గాని ఒకే మనిషిలో కలియుట అరుదు. దాసుగారిలో కలిసినవి. గద్వాల ప్రాంతమున పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రమున రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, జనుల ఆటపాటలకు చోటిచ్చిరి. ఆ కన్నుతో చూచినప్పుడే దాసుగారి విద్యయొక్క బరువు తెలియును.

శ్రోతలకు దాసుగారు పెట్టిన రెండవ పరీక్ష భాష. ఆయనకు సంస్కృతము, ఇంగ్లీషు, పారసీకము వచ్చును. సంస్కృతమున హరికథలు వ్రాయగలవాడు, తెలుగున వ్రాయునప్పుడు అచ్చతెలుగు పట్టుదల పట్టెను. గౌరమ్మ పెండ్లి అట్టి అచ్చతెలుగు హరికథ. ఈసపు నీతికథలను నూఱుగంటి పేర తెలిగించిరి. షేక్స్పియరును కాళిదాసును ప్రక్కప్రక్కన నిలిపి నవరసతరంగిణి కూర్చిరి. ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునకును అచ్చతెలుగునకును తెచ్చి 1932లో ప్రకటించిరి. వింత యేమనగా, సంస్కృతము నేర్చిన పండితునికి ఈ అచ్చతెలుగు కొరుకుడుపడదు. నేర్వని పామరునికి కూడ నిఘంటువు కావలెను. వాడుకలో అణగిపోయిన పలుకులను త్రవ్వి తెచ్చుటచే సులభము కావలసిన తెలుగే కఠినమైనది. ఇచ్చట దాసుగారిని పూర్తిగా సమర్థింపజాలను. సభలో ఆయన ముఖము, కన్ను, చేయి ఆ మాటకు అర్థము చెప్పుచుండెను. అచ్చులో ఆ సాయము లేదు. పుస్తకమును చేతబట్టిన పాఠకుడు గజ్జె విప్పిన దాసుగారిని చూచుచున్నాడు.

అందుచేతనే ఆయన కీర్తికి ఒక చిక్కు పట్టినది. గాయకులు ఆయనను కవి యనిరి, కవులు గాయకుడనిరి, ఇరువురును కలిసి హరిదాసనిరి. తొంబది రాగములతో, ఆ రాగముల పేర్లు సాహిత్యముననే ఇమిడియుండునట్లు, దశవిధరాగనవతికుసుమమంజరిని కూర్చిన వాగ్గేయకారుని ఐదు తాళముల వింతమనిషిగా మాత్రమే జ్ఞాపకముంచుకొనుట న్యాయము కాదు. వింతను చూడవచ్చినవారు వింతనే చూచి పోయిరి.

1919వ సంవత్సరమున విజయనగరమున మహారాజా విజయరామ గజపతి సంగీత పాఠశాలను స్థాపించెను. సంస్థానోద్యోగి చాగంటి జోగారావుగారి కుమారుడు గంగబాబు అంధుడు. ఆ బాలునికి సంగీతము నేర్పించు ఆలోచనయే పాఠశాల పుట్టుటకు కారణమయ్యెనని చెప్పుదురు. దాసుగారు దానికి మొదటి అధ్యక్షులైరి. ఫిడేలు నేర్పుటకు వచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారికి అప్పుడు ఇరువదియైదు, ఇరువదియారేండ్ల ప్రాయము. దాసుగారిది ఉరుము, నాయుడుగారిది మంద్రమైన కమాను. ఇట్టి ఇరువురు ఒకే కప్పు క్రింద పదునేడేండ్లు పనిచేయుట ఆ పాఠశాల భాగ్యము. 1936లో దాసుగారు విరమింపగా నాయుడుగారే ఆ పదవిని స్వీకరించిరి. ఘంటసాల, సుశీల మున్నగువారు తరువాతి కాలమున ఆ పాఠశాలలోనే చదివిరి. సినిమా పాటలో తెలుగు మాట స్పష్టముగా పలుకుటను మనము మెచ్చుకొందుము; చివరి వరుసకు మాట చేరవలెనను పట్టుదల ఆ ఇంటిలో మొదటినుండియు ఉన్నదే.

దాసుగారు తన చరిత్రను నా యెఱుక యను పేర వ్రాసికొన్నారు గాని అది యౌవనముతోనే ఆగిపోయినది. నడివయస్సు వైభవమును, ముదిమి నిరాడంబరతను ఆయన చెప్పుకొనలేదు. అచ్చతెలుగు మాటలను ప్రోగుచేసిన సీమపల్కువహి ఆయన కృషిలో పెద్దది. ఆయన 1945వ సంవత్సరము జనవరి 2వ తేదీన ఎనుబదియేండ్లు నిండిన పిదప పరమపదించిరి.

ఐదు తాళముల విద్య ఆయనతోనే చాలవరకు మరుగుపడినది. హరికథ నిలిచినది. ఆయన కాలమున కథ చెప్పినవారిలో ఎక్కువమంది పురుషులే. తరువాత గోదావరి తీరమున కపిలేశ్వరపురములో వెలసిన సర్వారాయ హరికథా పాఠశాల బాలికలను చేర్చుకొని నేర్పినది. అక్కడ నేర్చిన స్త్రీలు కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, ఊరూర దాసుగారి రుక్మిణీ కల్యాణమును చెప్పిరి. ఇప్పుడు వారి ముందు మైకు ఉండును. గజ్జె మాత్రము అంతే గట్టిగా మ్రోగుచున్నది.