మందుబిళ్లల వెనుక మహా రసాయనవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పార్వతీపురం, జనవరి 12: మన్యంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఇచ్చే ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు, సికిల్ సెల్ రక్తహీనత గల గిరిజన బిడ్డలకు ప్రతిరోజూ వేయించే ఫోలిక్ యాసిడ్, కోస్తా జిల్లాలలో ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు నివారణ మాత్రలు అధికారులందరికీ సుపరిచితమే. అయితే వీటి వెనుక ఒక తెలుగువాని కృషి ఉన్నదన్న విషయం మందు పంచేవారిలోనే చాలామంది ఎరుగరు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఆ వ్యక్తి.

బాల్యంలో ఆయనను మేధావిగా ఎవరూ ఎంచలేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి పోగా, తల్లి వెంకమ్మ వెనుకకు రప్పించి బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసులో చదువుకునే రోజులలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని తలచారు. తల్లి అంగీకరించకపోవడంతో వైద్య కళాశాలలో ప్రవేశించారు. గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు అంగీతో శస్త్రచికిత్స తరగతికి హాజరైనందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపుచ్చుకోవలసి వచ్చింది.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఇంటిలో జరిగిన దుర్ఘటన. స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధితో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల వ్యవధిలోనే మరణించారు. తిన్నది ఒంటబట్టక, రక్తం పలుచబడి మనిషి కృశించిపోయే ఆ జబ్బుకు నాడు వైద్యమే లేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించిన పిమ్మట, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చేసిన ధనసహాయంతో 1922లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. గర్భవతియైన భార్య శేషగిరిని ఇక్కడే విడిచి వెళ్లారు. పుట్టిన బిడ్డ పసితనంలోనే కన్నుమూయగా, ఆయన మరల స్వదేశానికి రానేలేదు. ఈ విషయం ఆయనను కీర్తించే వ్యాసాలలో సాధారణంగా కానరాదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పగలు చదువు, రాత్రి పొట్టకూటికై ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పని. ఆపై సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పరిశోధనకు పూనుకొన్నారు. రక్తంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే విధానాన్ని ఇరువురూ 1925లో ప్రకటించారు. భాస్వరానికి మాలిబ్డేట్ అనే లవణాన్ని కలిపి, తగిన మరొక రసాయనాన్ని చేర్చితే నీలిరంగు పుడుతుంది. ఆ రంగు గాఢతను బట్టి పరిమాణం తెలుస్తుంది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరిట జీవరసాయన విద్యార్థులు తరతరాలుగా దీనిని నేర్చుకొన్నారు.

అదే పద్ధతిని కండరాలపై ప్రయోగించినప్పుడు నీలిరంగు ఉండవలసిన దానికంటే నెమ్మదిగా తేలింది. మరొకరైతే పొరపాటని విడిచిపెట్టేవారేమో. భాస్వరం ఏదో అస్థిరమైన పదార్థంలో బంధితమై ఉండి, మెల్లమెల్లగా విడివడుతున్నదని వీరు గ్రహించారు. అదే 1927లో వెల్లడించిన ఫాస్ఫోక్రియాటిన్. కండరానికి శక్తి ల్యాక్టిక్ ఆమ్లం నుండి లభిస్తుందన్న భావన దీనితో తలక్రిందులయింది. ఆ కండర పరిశోధనలకే హిల్, మేయర్‌హాఫ్ అనే శాస్త్రవేత్తలకు 1922 నోబెల్ బహుమతి లభించి ఉండటం గమనార్హం. 1929లో జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని కూడ ఫిస్క్, సుబ్బారావులు వేరుపరచారు. జర్మనీలో లోమాన్ అదే ఏడాది స్వతంత్రంగా ఆ పని చేశారు. ఇంత సాధించినా, 1930లో డాక్టరేటు పొందినా, హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఆచార్య పదవి దక్కలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, అనంతరం పరిశోధన విభాగానికి సారథ్యం వహించారు. అక్కడి ఎనిమిదేళ్లూ ఆయన జీవితంలో మహోజ్వల ఘట్టం. ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూలోని రక్తహీనతకు అదే మందయింది. 1947లో బోదకాలు క్రిములపై పనిచేసే హెట్రాజాన్, అనగా నేటి డి.ఇ.సి., వెలువడింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అందజేశారు. రక్త క్యాన్సర్‌తో మరణశయ్యపై ఉన్న 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగానైనా ఉపశమించినట్లు ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి నేటికీ వాడుకలో ఉన్నది.

పాత్రికేయ మిత్రులకు ఒక మనవి. ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకాన్ని సుబ్బారావు ఒక్కరే కనుగొన్నట్లు తరచు వ్రాస్తుంటారు. మట్టి నమూనాల నుండి దానిని వెలికితీసినది విశ్రాంత వృక్షశాస్త్ర ఆచార్యుడు బెంజమిన్ డగ్గర్. ఆయన పనిచేసినది సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగంలోనే. తన బృందంలోని వారి పేర్లను ముందు నిలిపి తాను వెనుక ఉండిపోయిన వ్యక్తికి, ఇతరుల ఘనతను అంటగట్టవలసిన అవసరం లేదు.

భారతీయులు అమెరికా పౌరసత్వం పొందేందుకు 1946లో చట్టం అనుమతించినా సుబ్బారావు తీసుకొనలేదు. ఫార్బర్ ప్రకటన వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, 53వ ఏట నిద్రలోనే కన్నుమూశారు. భారత తపాలా శాఖ 1995లో ఆయన స్మారకంగా తపాలా బిళ్లను విడుదల చేసింది. ఫోలిక్ యాసిడ్, డి.ఇ.సి., మెథోట్రెక్సేట్ మూడూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నాయి.