తరిగొండ తల్లి వెంగమాంబ

పెద్దమండ్యం, గుర్రంకొండ సీమ అంతా కొండలూ, వానకెదురుచూసే చేలూ. ఆ సీమలో లక్ష్మీనృసింహుడు వెలసిన తరిగొండ గ్రామాన, 1730లో కానాల కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు వెంగమాంబ జన్మించారు. బాల్యంలోనే వివాహం, అనతికాలంలోనే వైధవ్యం. శిరోముండనం చేయించుకొని మూలన కూర్చోవాలన్నది నాటి ఆచారం. వేంకటేశ్వరుడే తన భర్త అని నమ్మిన ఆమె పసుపుకుంకుమలు విడువలేదు. ఊరు నిందించింది. పరాయివారి నిందకన్నా అయినవారి మాట ఎక్కువ నొప్పించి ఉండాలి. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి మాత్రం ఆమెను శిష్యురాలిగా స్వీకరించి యోగమార్గం ఉపదేశించారు.

ఆమె మహిమల కథలు జనంలో చాలానే ఉన్నాయి. వాటికన్నా ఆశ్చర్యం గొలిపేది ఆమె రచనా దీక్ష. తరిగొండ నృసింహ శతకం, రాజయోగామృతసారం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, వేంకటాచల మాహాత్మ్యం... ఇన్ని కృతులు ఒక్క చేతి మీదుగా వెలువడ్డాయి! తిరుమల చేరాక కూడా ఆటంకాలు తప్పలేదు. కొంతకాలం తుంబురు తీర్థం వద్ద ఏకాంత తపస్సు చేసి, తిరిగి కొండకు వచ్చి రచన సాగించారు. నృసింహ జయంతి వేళ యాత్రికులకు అన్నదానం చేయించారు. 2011లో తిరుమలలో ప్రారంభమైన అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు.

1817లో ఆమె సిద్ధి పొందారు. బృందావనం తిరుమలలోనే ఉంది. పసుపుకుంకుమలు ధరించరాదని లోకం శాసించిన ఆ తల్లి పేరిటే, నేటికీ ఏకాంతసేవలో స్వామివారు శయనించే వేళ ముత్యాల హారతి వెలుగుతోంది.