చలనచిత్ర పితామహులు శ్రీ రఘుపతి వెంకయ్య నాయుడుగారు



ఈ వార్షిక మహాసభా జ్ఞాపకసంచికయందు ఒక మహనీయుని జీవితమును సంగ్రహముగ ముచ్చటించు భారము మాపై నుంచబడినది. రాజులను గూర్చియు, దండనాథులను గూర్చియు, మహాకవులను గూర్చియు వ్రాసినవారు పెక్కురు గలరు. సెలవుదినములందు మన యిండ్లకు నవ్వును, ఆశ్చర్యమును గొనివచ్చిన పుణ్యాత్ములను గూర్చి వ్రాసినవారు మాత్రము కొలదిమందియే. కావున ఈ తడవ మేము అట్టివారిలో అగ్రగణ్యులగు శ్రీ రఘుపతి వెంకయ్య నాయుడుగారిని స్మరింప నిశ్చయించితిమి. వీరు ఏ యొక్క కులమునకో, ఏ యొక్క జిల్లాకో పరిమితులు కారు. తెలుగుమాట వినబడు ప్రతి పల్లెకును చెందినవారు.

మంజీరాతీరమున, వరిపొలముల నడుమ నున్న మన బాన్సువాడకు దసరాకును, సంక్రాంతికిని, సంవత్సరాంతపు సెలవులకును దూరదేశములనుండి బిడ్డలు తిరిగివత్తురు. బతుకమ్మను సాగనంపి, జమ్మియాకు పంచుకొని, పెద్దల దీవెన లందుకొనిన పిమ్మట ఇంటిల్లిపాదియు నొకచోట గూర్చుండి చూచునది తెరబొమ్మయే గదా! నేడు అరచేతిలో నిముడు సెల్‌ఫోనునందే నూరేండ్లనాటి పొట్టిచిత్రములను చూడగల్గుచున్నాము. కఱ్ఱ ద్రిప్పుచు, జారిపడుచు, లేచుచు నడచు చార్లీ చాప్లిన్‌ను జూచి తాతయు మనుమడును కలిసి నవ్వుదురు. ఆ నవ్వులో మాటలకు పనిలేదు, వయోభేదమునకును పనిలేదు. అట్టి వినోదమును మన దక్షిణదేశమున వ్యాపింపజేయుటకై సర్వస్వమును ఒడ్డినవారు వెంకయ్యగారు.

జననము, చెన్నపురి ప్రవేశము

వెంకయ్యగారు 1869వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. విద్యావేత్తయు, సంఘసంస్కర్తయు నైన సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు వీరి యన్నగారు. అన్నగారు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులై, తరువాత మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, బ్రహ్మసమాజమార్గమున దీనజనోద్ధరణమునకు పాటుపడి ప్రఖ్యాతి గాంచిరి. తమ్ముని మార్గము వేఱు. వెంకయ్యగారికి బాల్యమునుండియు చిత్రలేఖనమునందును, ఛాయాగ్రహణమునందును మక్కువ మెండు. పదునేడేండ్ల ప్రాయమున ఛాయాగ్రాహక యంత్రము చేతబట్టుకొని చెన్నపురికి బోయి, బొమ్మలు గీయుచు, ఛాయాపటములు తీయుచు జీవనము సాగించిరి. కాలక్రమమున మౌంటురోడ్డున స్వంత స్టూడియో నెలకొల్పి, పదిమందికి తెలిసిన గౌరవనీయులైరి.

ఆ స్థితిలో నున్న మరియొకరైనచో సుఖముగ కాలము గడపియుందురు. కాని కదలని బొమ్మను తీయువారికి కదలు బొమ్మపై దృష్టి పడినది.

కదలు బొమ్మల పుట్టుక

ఇచట ఆ కాలపు సంగతులు కొన్ని తెలుపవలసియున్నది. 1895వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన, అనగా సంవత్సరాంతపు సెలవులలోనే, ఫ్రాన్సుదేశపు పారిసు నగరమున లూమియేర్ సోదరులు రుసుము గైకొని ప్రజలకు చలనచిత్రములను జూపిరి. నాడు జూపినవి పది పొట్టిచిత్రములు; ఒక్కొక్కటి నిమిషమునకు మించదు. కార్మికులు కర్మాగారము వెడలుట, తోటమాలి నీళ్లగొట్టముతో తడిసిపోవుట మొదలగునవి అందలి విషయములు. 1896వ సంవత్సరము జూలై 7వ తేదీన అవి బొంబాయి వాట్సను హోటలునందు ప్రదర్శింపబడెను. దక్షిణమున తిరుచిరాపల్లిలో రైల్వే ఉద్యోగియగు స్వామికన్ను విన్సెంటుగారు 1905లో ఒక యంత్రమును కొని, ఊరూర డేరా వేసి బొమ్మలు జూపసాగిరి.

అయితే ఈ చిత్రములు మూగవి. బొమ్మతోపాటు ధ్వనియు వినిపింపవలెనని ఫ్రాన్సునందు లియోన్ గోమోన్ అను నాతడు యత్నించి, గ్రామఫోను పళ్లెరమును, చిత్రయంత్రమును విద్యుత్తుచే జతపఱచి నడపు ఉపాయమును కనిపెట్టెను. ఆ శబ్దమును సభయంతటికి వినబడునట్లు గాలి ఒత్తిడిచే పెద్దది చేయు యంత్రమే క్రోనోమెగాఫోను. పళ్లెర మొకటి మూడు నాలుగు నిమిషములకే ముగియును గనుక చిత్రములును అంతమాత్రపు నిడివిగలవే. బొమ్మకును, పాటకును పొత్తు తప్పినచో సభ నవ్వులపాలగును. దానిని నడపుటకు నేర్పు, ఓర్పు రెండును కావలయును.

స్టూడియో తాకట్టు

ఈ యంత్రమును గూర్చి తెలిసికొనినది మొదలు వెంకయ్యగారికి నిదురలేదు. దాని వెల సుమారు 30,000 రూపాయలు. ఆ దినములలో అది సామాన్యమగు మొత్తము కాదు. వెంకయ్యగారు తమకు అన్నము పెట్టుచున్న ఛాయాచిత్రశాలను తాకట్టుపెట్టి ఆ సొమ్ము సమకూర్చిరి. పోయినచో వృత్తి పోవును, నిలువనీడ పోవును. ఇది జూదరి సాహసము కాదు. ప్రజలు దీనిని జూచి తీరుదురని నమ్మిన పనివాని విశ్వాసము. వ్యాపారమునందు తలపండిన మన పోషకమహాశయులు ఈ భేదమును బాగుగ నెఱుంగుదురు.

1910వ సంవత్సరమున చెన్నపురి విక్టోరియా పబ్లిక్ హాలునందు వెంకయ్యగారు ఈ యంత్రమును ప్రదర్శించిరి. పిమ్మట డేరా గట్టి చిత్రములు జూపిరి. అటుపై బెంగుళూరు, బొంబాయి మొదలగు నగరములకును, సముద్రము దాటి సింహళమునకును, బర్మాదేశపు రంగూనునకును యంత్రమును గొనిపోయిరి. ఆ దినములలో జీవనార్థమై రంగూను చేరిన తెలుగు కూలీలు, వర్తకులు పెక్కువేలు. ఇల్లు విడిచినవారికి సెలవునాటి సాయంకాల మెంత బరువో నేడు గల్ఫుదేశములలో బిడ్డలున్న మన తల్లిదండ్రులకు తెలియనిది కాదు. అట్టి నగరమున తెలుగువా డొకడు తెర గట్టి బొమ్మలాడించుట సామాన్యమగు విషయము కాదు.

ఆ పొట్టిచిత్రములలో రాజావారి నగలపెట్టె కథ యొకటి ప్రసిద్ధము. అది పాథే కంపెనీవారి ఫ్రెంచిచిత్రము. మాంత్రికవిద్యలు, మాయమగుట, ప్రత్యక్షమగుట మొదలగు కనికట్టులతో నిండిన యట్టి చిత్రములు నాటి ప్రేక్షకులకు మిక్కిలి ప్రీతికరములు. తోలుబొమ్మలాటయందు హనుమంతుడు ఆకసమున కెగురుట జూచి పెరిగిన మనవారికి ఈ మాయలు క్రొత్తవిగ దోచలేదు. దీపమే క్రొత్తది, తెర పాతదే.

గెయిటీ, క్రౌను, గ్లోబు

తిరుగుటచే కొంత ధనము చేకూరిన తరువాత స్థిరమగు చిత్రశాల కట్టవలెనని వెంకయ్యగారికి సంకల్పము కలిగెను. 1914లో మౌంటురోడ్డుచెంత గెయిటీ వెలసెను. చెన్నపురియందు భారతీయు డొకడు కట్టించిన తొలి చిత్రశాల యిదియే. అంతకు పూర్వమున్నవి దొరలవి. తరువాత మింటువీధిలో క్రౌను, పురసవాకములో గ్లోబు అను శాలలను గూడ నిర్మించిరి. దొరల శాలయందు వెనుకబల్లపై ఒదిగి కూర్చుండవలసిన సామాన్యునకు తనవాని శాలయందు తలయెత్తి కూర్చుండు అవకాశము కలిగెను.

ఆ శాలలలో మిలియన్ డాలర్ మిస్టరీ, బ్రోకెన్ కాయిన్ మొదలగు అమెరికా ధారావాహిక చిత్రములు భాగములు భాగములుగ ప్రదర్శింపబడెను. నాయిక ఆపదలో జిక్కిన సమయమున భాగము ముగియును. ప్రేక్షకులు తరువాతి భాగమునకై వేచియుందురు. ఎడ్డీ పోలో అను నటుని సాహసకృత్యములకు చెన్నపురి జనులు జేజేలు పల్కిరి. భాష తెలియదు, దేశము తెలియదు. అయినను నటుని ముఖము మాత్రము తమవాని ముఖమువలె తెలిసియుండెను. తెరపై నటించువారిని ప్రేమించుట మనవారు నేర్చినది ఈ శాలలయందే యని మేము తలంచుచున్నాము.

కుమారుని చదువు, తెలుగువారి తొలి చిత్రము

ఇతరులు తీసిన బొమ్మలను జూపుటతో వెంకయ్యగారికి తృప్తి కలుగలేదు. మన పురాణములను మనవారే తీయవలెను. చెన్నపురియందు అంతకుముందే నటరాజ మొదలియారుగారు కీచకవధను తీసి త్రోవ జూపియుండిరి. వెంకయ్యగారు తమ కుమారుడు రఘుపతి సూర్యప్రకాశరావును ఈ విద్య నేర్చుటకై ఇంగ్లండు పంపిరి. కుమారుడు లండనుచెంతనున్న బార్కరువారి స్టూడియోలో పనినేర్చి, తదితర పాశ్చాత్యదేశములను గూడ జూచి తిరిగివచ్చెను. కుమారుని సీమకు బంపి బారిస్టరును చేయు ధనికులు నాడు గలరు. బొమ్మలు తీయు పనివానిని చేయుటకు బంపిన తండ్రి వీరొక్కరే యేమో!

తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అను కంపెనీని స్థాపించి, సూర్యకాంతి లోనికి ప్రసరించునట్లు అద్దాల స్టూడియోను కట్టి, 1921లో భీష్మప్రతిజ్ఞ అను మూగచిత్రమును నిర్మించిరి. ప్రకాశరావే దర్శకుడు, భీష్మపాత్రధారియు నతడే. గంగపాత్రమునకు మన స్త్రీలెవరును ముందునకు రానందున పెగ్గీ కాస్టెల్లో అను ఆంగ్లవనితను వేయించిరి. తెరపై గన్పడుట అపకీర్తియని జనులు తలంచు కాలమది. నేడు మనము పండుగనాడు హారతిపట్టినట్లు అభినందించు నటీమణులకు త్రోవ వేసినవారు అట్టి నిందలను భరించిన తొలితరము వనితలే యని మఱువరాదు.

ఈ కంపెనీ యొక పాఠశాలవలె పనిచేసెను. ప్రకాశరావుచెంత పనిచేసిన సి. పుల్లయ్యగారు తరువాత 1933లో సతీసావిత్రిని, 1934లో లవకుశను తీసి తెలుగుటాకీకి బలము చేకూర్చిరి.

ఆ దినములలోనే మన నిజాము రాజ్యమునందును చిత్రనిర్మాణ మారంభమయ్యెను. వంగదేశీయుడగు ధీరేన్ గంగూలీ 1922 ప్రాంతమున హైదరాబాదునందు లోటస్ ఫిల్ము కంపెనీ నెలకొల్పి కొన్ని చిత్రములు తీసెను. రజియాబేగము చిత్ర ప్రదర్శనముచే వివాదము పుట్టి 1924లో నగరము విడిచిపోవలసి వచ్చెను. మన కరీంనగరమున జన్మించిన పైడి జైరాజుగారు బొంబాయి చేరి, మూగచిత్రములనుండి టాకీలవఱకు హిందీ తెరపై వెలుగొంది, 1980వ సంవత్సరపు దాదాసాహెబు ఫాల్కే పురస్కారమును పొందిరి. తెలంగాణమునకు తెరతో సంబంధము నిన్న మొన్నటిది కాదని యువకులు గ్రహింతురుగాక.

అస్తమయము

చిత్రనిర్మాణము వెంకయ్యగారికి కీర్తి నిచ్చినంతగా ధనము నీయలేదు. ఋణములు పెరిగెను, కంపెనీ మూతపడెను, కష్టించి కట్టిన శాలలు పరహస్తగతము లయ్యెను. 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి భక్తప్రహ్లాదతో తెర తెలుగున మాటలాడ నారంభించినది. బొమ్మకు ధ్వని కావలెనని 1910లోనే స్టూడియో తాకట్టుపెట్టిన వెంకయ్యగారు ఆ శుభోదయమును వృద్ధాప్యమున గాంచిరి. కాని దాని ఫలము వారి యింటికి జేరలేదు. 1941వ సంవత్సరము మార్చి 15వ తేదీన వీరు పరమపదించిరి.

నేడు గెయిటీ లేదు. భీష్మప్రతిజ్ఞ ప్రతియు లభ్యము కాదు. దక్షిణదేశమున తీయబడిన మూగచిత్రములలో మార్తాండవర్మవంటి ఒకటి రెండు తప్ప తక్కినవన్నియు నశించినవి. నాటి ఫిల్ము తేలికగ మండునది, కాలక్రమమున పొడియై రాలునది. దాచువారు లేక కొన్నియు, ముడిసరుకుగ అమ్ముడుపోయి కొన్నియు రూపుమాసెను. పరదేశపు పొట్టిచిత్రములను నేడును చూచి నవ్వుచున్నాము. మన తాతలు తీసిన బొమ్మను చూచు భాగ్యము మాత్రము మనకు లేదు. ఇంతకన్న విచారకరమగు విషయ మేమున్నది?

పేరు మాత్రము నిలిచినది. 1980లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వీరి పేర పురస్కారము నేర్పఱచి, మొట్టమొదట ఎల్. వి. ప్రసాదుగారిని సన్మానించెను. 2025లో తెలంగాణ ప్రభుత్వము గద్దరు పేర నొసంగిన చలనచిత్ర పురస్కారములలో గూడ వెంకయ్యగారి పేరును, జైరాజుగారి పేరును నిలిపినది.

మా మనవి

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినవి రెండు కలవు. మొదటిది: నూతనవిద్య నేర్వబూనిన బిడ్డను, వాని వృత్తి మనకు తెలియనిదని నిరుత్సాహపఱుపరాదు. సంఘమున నొకడు సాహసించి పడిపోయినచో వానిని లేవనెత్తుటకు పదిచేతులు సిద్ధముగ నుండవలయును. వెంకయ్యగారికి అట్టి చేతులు కొన్ని అందియుండిన, ఆ శాలలును, ఆ చిత్రములును నేటికిని నిలిచియుండెడివేమో!

రెండవది: మన యిండ్ల పెట్టెలలో పాత ఛాయాపటములు, నాటకముల కరపత్రములు, పెండ్లినాటి ఫిల్ములు, పాటల పళ్లెరములు పడియున్నవి. వానిని చిత్తుకాగితములవానికి వేయక భద్రపఱచుడు. ఈ సెలవులలో పిల్లలను చుట్టు గూర్చుండబెట్టుకొని ఒక పాత పొట్టిచిత్రమును చూపుడు. అందు నటించినవారి పేర్లు చెప్పుడు. మీ చిన్ననాడు బాన్సువాడ ప్రాంతమున బొమ్మ చూచుటకు ఎంతదూరము నడచితిరో వారికి వినిపింపుడు. పోషకమహాశయులు సమ్మతించినచో రాబోవు మహాసభనాటి రాత్రి తెర గట్టి, రుసుము లేకుండ పాతచిత్రములను ప్రదర్శించు నేర్పాటు గావించుట మన సంఘమునకు శోభాకరము.

స్టూడియోను తాకట్టుపెట్టి యైనను ప్రజలకు వెలుగు జూపిన ఆ మహనీయుని స్మృతి మన మధ్య చిరకాలము నిలుచుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.