అయాన్ల గుట్టు విప్పిన అర్హీనియస్

స్వాంటే అర్హీనియస్ 1859లో స్వీడన్‌లో జన్మించారు. ఉప్పునీటిలో విద్యుత్తు ఎలా ప్రవహిస్తుందో పరిశోధించి, 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయానికి సిద్ధాంత గ్రంథం సమర్పించారు. పరీక్షకులు దానికి తక్కువ శ్రేణి ఇచ్చారు. ఆయన నిరాశ చెందక ప్రతులను విదేశీ శాస్త్రజ్ఞులకు పంపారు. ఆస్ట్వాల్డ్ స్వయంగా ఉప్సాలాకు వచ్చి ఆయనను కలుసుకున్నారు. లవణాలు నీటిలో విద్యుదావేశం గల అయాన్లుగా విడిపోతాయన్న సిద్ధాంతాన్ని అర్హీనియస్ 1887లో సమగ్రంగా ప్రకటించారు. 1903లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి పొందారు. 1927లో స్టాక్‌హోంలో కన్నుమూశారు.

పురుగుమందు వంటి రసాయనం నేలను పట్టి ఉంటుందా, నీటితో పారిపోతుందా అన్నది అది అయాన్లుగా విడిపోయే తీరుపై కూడా ఆధారపడుతుంది. ఈ వియోజనాన్ని కొలిచే ప్రామాణిక పద్ధతులను ఓఈసీడీ సంస్థ 1981లో నిర్దేశించింది. వాటిలో ఒకటి, ద్రావణపు విద్యుద్వాహకతను కొలవడం. అర్హీనియస్ చేసిన పని అదే.